ఉత్తరానికి ముందు చిరునామా: ఈమెయిల్ న్యూస్‌లెటర్‌ను ఫీడ్‌లోనూ ఆర్కైవ్‌లోనూ ఉంచడం ఎలా

సంక్రాంతి దాటిన వారం నర్సంపేట నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. “తమ్ముడూ, నిరుడు సరిగ్గా ఈ రోజుల్లో తేజ మిర్చికి జెండా పాట ఎంత పలికిందో నీ ఉత్తరంలో రాశావు. అదొకసారి మళ్లీ పంపు” అన్నారు. జెండా పాట అంటే యార్డులో ఆ రోజు మేలైన సరుకుకు పలికే ధర. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ ధరల మీద వారం వారం ఈమెయిల్ పంపేది నేనే, రాసిందీ నేనే. అయినా అరగంట తవ్వితే గానీ అది దొరకలేదు. “ఈ వారం మార్కెట్ విశేషాలు” అనే ఒకే శీర్షికతో యాభై పైచిలుకు ఉత్తరాలు వరసగా కూర్చుని ఉన్నాయి మరి. ఆయన దగ్గర అసలే లేదు. ఫోను నిండిపోయిందని మనవడు పాత మెయిళ్లన్నీ తుడిచేశాడట.

ఈమెయిల్ ఇంటికి చేరుతుంది, చదివాక ఎక్కడో అడుగున పడిపోతుంది. కొత్తగా చేరిన చందాదారుకు పాత సంచికలేవీ అందవు. గూగుల్లో వెతికినా కనబడవు. మీరు హనుమకొండలో కూర్చుని చెరువుల గురించి రాస్తున్నా, భూపాలపల్లి నుంచి బొగ్గు గనుల గురించి రాస్తున్నా, కాలేజీ పూర్వ విద్యార్థులకు నెలకో లేఖ పంపుతున్నా ఇదే బాధ. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు గానీ, పని చేసే వరసను తిరగేయాలి. మెయిల్ పంపి, తీరిక దొరికినప్పుడు దాన్ని ఎక్కడో దాచడం కాదు. ముందు సంచికకు ఒక స్థిరమైన పేజీ ఏర్పరచాలి, ఆ పేజీ నుంచే మెయిలూ ఫీడూ బయల్దేరాలి.

మెయిల్, ఫీడ్, ఆర్కైవ్, ఈ మూడింటి తేడా మార్కెట్ యార్డులో నిలబడితే తేలిగ్గా తెలుస్తుంది. సరుకు అమ్మిన రైతు చేతికిచ్చే తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, ఉంది చూశారా, ఈమెయిల్ అలాంటిది. ఒకరి పేరున రాసి ఒకరికే ఇస్తారు. గేటు దగ్గర రాసిపెట్టే ధరల బోర్డు ఫీడ్. కావలసినవారు వచ్చి చూసుకుని పోతారు, ఎవరూ పేరు చెప్పనక్కర్లేదు. అడ్తి దుకాణంలో ఏళ్ల తరబడి దాచే చిట్టా పుస్తకం ఆర్కైవ్.

ఫీడ్ అంటే సాంకేతికంగా ఒక చిన్న ఫైలు. మీ తాజా సంచికల పేర్లు, లింకులు, తేదీలు, పాఠం అన్నీ యంత్రాలకు అర్థమయ్యే పద్ధతిలో అందులో ఉంటాయి. చదివేవారు ఫీడ్లీ, ఇనోరీడర్, థండర్‌బర్డ్ లాంటి రీడర్‌లో మీ ఫీడ్ చిరునామా ఒకసారి ఇస్తే చాలు, అది అప్పుడప్పుడు వచ్చి కొత్త సంచిక పడిందేమో చూసుకుంటుంది. 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టిన ఆర్‌ఎస్‌ఎస్, 2005లో ప్రమాణంగా వెలువడిన ఆటమ్, ఈ రెండూ ఫీడ్ రాసే పద్ధతులే. ఏది వాడినా రీడర్లు చదువుతాయి. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పుడు ఫీడ్ల పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. మీరు వినే పాడ్‌కాస్టులు ఇప్పటికీ ఆర్‌ఎస్‌ఎస్ మీదే నడుస్తున్నాయి.

మొదటి పని: చిరునామా మీదై ఉండాలి

డొమైన్ పేరు, అంటే మీ సైటు చిరునామా, మీ పేరున కొనండి. మెయిల్ పంపే సేవ ఎవరిదైనా కావచ్చు, పేజీల చిరునామా మాత్రం మీది కావాలి. నేను మొదటి రెండేళ్లు ఒక ఉచిత సేవ ఇచ్చిన చిరునామాతోనే నెట్టుకొచ్చాను. ఒకరోజు ఆ సేవవారు ఉచిత ఖాతాల పాత సంచికల పేజీలు ఆపేశారు. పరకాల నుంచి మహబూబాబాద్ దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న నా లింకులన్నీ ఒక్కపూటలో చచ్చిపోయాయి. డొమైన్ మనదైతే సేవ మార్చినా అదే చిరునామా కింద పేజీలను మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

ఇక ఒక్కో సంచిక లింకు ఎలా ఉండాలి? తెలుగు శీర్షికనే లింకుగా పెడితే ముచ్చటగా ఉంటుందని నాకూ అనిపించింది. కానీ ఆ లింకును కాపీ చేసి ఎక్కడైనా అతికిస్తే చాలాచోట్ల శాతం గుర్తులూ అంకెలూ కలిసిన రైలుబండిగా మారుతుంది. కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తించే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. దాన్ని యూటీఎఫ్-8 రూపంలో రాస్తే తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు, లింకులో ఒక్కో బైటుకు 3 గుర్తులు. “వరంగల్” అనే ఒక్క మాటలో సున్న, పొల్లుతో కలిపి 6 సంకేతాలున్నాయి. అంటే లింకులో 54 గుర్తులు! అలాంటి లింకును చూసి ఇదేదో మోసం అనుకుని నొక్కనివారు ఉన్నారు. అందుకే సంవత్సరం, స్లాష్, సంచిక సంఖ్య, అంతే పెట్టండి. 2025, స్లాష్, 14. ఫోనులో చెప్పినా అవతలివారు రాసుకోగలరు.

రెండో పని: పాఠం నిజంగా పాఠమై ఉండాలి

మన ప్రాంతంలో డీటీపీ నేర్చుకున్నవారిలో చాలామంది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేస్తారు. కాగితం మీద అది ముత్యాల్లా ఉంటుంది. అదే పాఠాన్ని వెబ్ పేజీలోకి తెస్తే అర్థంలేని గుర్తుల కుప్ప అవుతుంది, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. మార్పిడి సాధనాలు దొరుకుతాయి, వాడండి. మార్చిన తర్వాత వత్తులనూ సంయుక్తాక్షరాలనూ ఒకసారి కళ్లతో చదవండి, తప్పులు ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి.

ఇంకో అలవాటు ధరల పట్టికను బొమ్మగా చేసి పెట్టడం. వాట్సాప్‌లో బొమ్మ బాగానే తిరుగుతుంది. ఆర్కైవ్‌లో మాత్రం అది మూగది. వెతికితే దొరకదు, చూపులేనివారి ఫోను దాన్ని చదివి వినిపించలేదు, అంకెలను కాపీ చేసుకోవడానికి కుదరదు. పట్టికను పట్టికగానే పెట్టండి.

మూడో పని: మెయిల్ కాపీని ఆర్కైవ్‌లో పెట్టకండి

అందరూ దీన్ని చిన్న విషయం అనుకుంటారు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

మీ ఇన్‌బాక్స్‌కు వచ్చిన మెయిల్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి వెబ్ పేజీగా పెట్టారనుకోండి. అందులో “ఫలానా గారికి నమస్కారం” అని మీ పేరుంటుంది, అది నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ అడుగున చందా రద్దు చేసుకునే లింకు ఉంటుంది. అది అందరికీ ఒకటే లింకు కాదు, ఒక్కో చందాదారుకు విడిగా తయారైంది. దాన్ని ఎవరు నొక్కినా ఆ చందాదారు పేరే జాబితాలోంచి ఎగిరిపోతుంది. నేను అలాగే పెట్టాను. ఆ నెలలో నా ఉత్తరం నాకే రావడం మానేసింది! ఎందుకో తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది. మెయిల్‌ను యథాతథంగా ఫార్వర్డ్ చేసినా ఇదే ప్రమాదం ఉంది. కాబట్టి “ఇతరులకు పంపాలంటే పేజీ లింకు పంపండి” అని చందాదారులకు ముందే చెప్పండి.

కంటికి కనబడనివి మరో రెండున్నాయి. మెయిల్ తెరిచారో లేదో లెక్కపెట్టడానికి పంపే సేవలు ఒక చుక్కంత బొమ్మను చేరుస్తాయి. ఆర్కైవ్‌లో దానికి పనిలేదు. అలాగే మీరిచ్చిన లింకులన్నింటినీ తమ చిరునామా గుండా మళ్లించి, ఎవరు ఏది నొక్కారో లెక్క రాసుకుంటాయి. ఈ మళ్లింపు లింకులు ఆర్కైవ్‌లోకి చేరితే, మీరు ఆ సేవను వదిలిన తర్వాత అవి ఎప్పుడు ఆగిపోయినా దిక్కులేదు. పాఠం మిగులుతుంది, లింకులన్నీ గోడకు తగులుతాయి. అందుకే ఎప్పుడూ మీ అసలు చిత్తుప్రతి నుంచే పేజీ తయారు చేయండి, పంపిన మెయిల్ నుంచి కాదు.

నాలుగో పని: ఫీడ్

సబ్‌స్టాక్, ఘోస్ట్, బటన్‌డౌన్, వర్డ్‌ప్రెస్ లాంటివి వాడుతుంటే మీకు ఫీడ్ ఇప్పటికే ఉంది, మీకు తెలియకపోవచ్చు అంతే. సబ్‌స్టాక్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ మీ చిరునామా చివర స్లాష్ పెట్టి ఇంగ్లిషులో ఫీడ్ అని, ఘోస్ట్‌లోనూ బటన్‌డౌన్‌లోనూ ఆర్‌ఎస్‌ఎస్ అని టైపు చేసి చూడండి. బ్రౌజరులో కోడ్ లాంటి గజిబిజి కనబడితే కంగారు పడకండి, ఫీడ్ ముఖం అలాగే ఉంటుంది. ఆ చిరునామాను ఏదైనా రీడర్‌లో వేసి చందాదారు కళ్లతో ఒకసారి చదివి చూడండి. చాలామంది ఈ పని ఒక్కసారి కూడా చేయరు.

సొంతంగా పేజీలు తయారు చేసుకుంటున్నవారు, లేదా కుర్రాళ్లతో చేయిస్తున్నవారు చూసుకోవాల్సినవి ఇవి.

ప్రతి సంచికకూ గైడ్ (guid) అనే ఒక గుర్తింపు ఉంటుంది. పొలానికి సర్వే నంబరు లాంటిదనుకోండి. పంట మారినా, గట్టు సరిచేసినా నంబరు మారదు. రీడర్ ఈ గుర్తింపును బట్టే “ఇది చూసిందే, ఇది కొత్తది” అని తేల్చుకుంటుంది. శీర్షికలో అక్షరదోషం దిద్దినప్పుడో, సైటు మార్చినప్పుడో గైడ్ కూడా మారిపోతే, పాత సంచికలన్నీ కొత్తవాటిలా చందాదారుల మీద ఒక్కసారి కుప్పగా పడతాయి. విసిగిపోయి తీసేసేవారిని తప్పుపట్టలేం.

తేదీలో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పేజీలో “జనవరి” అని తెలుగులో రాసుకోండి, కానీ ఆర్‌ఎస్‌ఎస్ ఫైలులోని తేదీలో వారం పేరూ నెల పేరూ ఇంగ్లిషు మూడక్షరాల పొట్టి రూపంలోనే ఉండాలి. సైటు భాషను తెలుగుకు మార్చినప్పుడు కొన్ని సాధనాలు అక్కడా తెలుగు నెలలు రాసేస్తాయి, రీడర్లకు ఆ తేదీ అర్థం కాదు. చివర ప్లస్ 0530 అని మన కాలమానం ఉండాలి. అది లేక గ్రీనిచ్ కాలంగా లెక్కేసుకుంటే పొద్దున 7 గంటలకు వేసిన సంచిక మధ్యాహ్నం పన్నెండున్నరకు పుట్టినట్టు కనబడుతుంది.

దుకాణాల ప్రకటనలు వేస్తారా? “అండ్ సన్స్” అనడానికి వాడే & గుర్తు ఒక్కటి నేరుగా పడితే ఫీడ్ మొత్తం పగిలిపోవచ్చు. ఫీడ్ ఫైలు రాసే భాష ఎక్స్‌ఎంఎల్, దాని నియమాల్లో ఈ గుర్తుకు వేరే అర్థం ఉంది. దాని తర్వాత ఏ, ఎం, పి అనే అక్షరాలూ ఒక సెమికోలనూ చేర్చి రాస్తేనే అది మామూలు గుర్తుగా చెల్లుతుంది. బొమ్మల చిరునామాలు కూడా డొమైన్ పేరుతో సహా పూర్తిగా ఉండాలి, సగం చిరునామాలు మీ సైటులో పనిచేసినా రీడర్‌లో పనిచేయకపోవచ్చు. ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వారి ఫీడ్ పరీక్ష సాధనం ఉచితంగా చెబుతుంది, తప్పు ఏ వరసలో ఉందో కూడా చూపిస్తుంది.

ఫీడ్‌లో పాఠమంతా ఇవ్వాలా, రెండు వాక్యాలిచ్చి “మిగతాది సైటులో” అనాలా? దీనిమీద వాదనలున్నాయి. నా మాటైతే మొత్తం ఇవ్వండి. ఏటూరునాగారం అడవి దారిలో బస్సులో వెళ్తూ చదివేవారికి సిగ్నల్ ఉండదు. రీడర్ ముందే దించిపెట్టుకున్న పాఠమే వారికి దిక్కు. డబ్బు కట్టినవారికే ఇచ్చే లేఖలైతే సంగతి వేరు, అప్పుడు ముక్క చాలు.

ఫీడ్‌లో తాజా పదో ఇరవయ్యో సంచికలు ఉంటే సరిపోతుంది. వర్డ్‌ప్రెస్ తనంతట తాను 10 ఇస్తుంది. మిగతావి ఆర్కైవ్ చూసుకుంటుంది. ప్రతి పేజీ తలభాగంలో ఫీడ్ ఎక్కడుందో చెప్పే లింకు ట్యాగు పెట్టించండి. అది ఉంటే చదివేవారు మీ సైటు చిరునామా మాత్రమే ఇచ్చినా రీడర్ ఫీడ్‌ను తానే పట్టుకుంటుంది.

ఐదో పని: ఆర్కైవ్ పేజీ

“పాతవి చూడండి” అనే బటన్ నొక్కుతూ పదేసి చొప్పున వెనక్కి వెళ్లే ఏర్పాటు ఆర్కైవ్ కాదు, శిక్ష. ఒకే పొడవాటి పేజీలో అన్ని సంచికల సంఖ్య, తేదీ, శీర్షిక, ఒక వాక్యం సారాంశం పెట్టండి. వంద సంచికలైనా ఫోను మీద కొన్నిసార్లు వేలు జరిపితే అయిపోతుంది. ఏళ్లవారీగా కాకుండా మీ విషయానికి తగ్గట్టు విభజించండి. నేను సీజన్ల వారీగా పెట్టాను, పత్తి, మిర్చి అని. బతుకమ్మ పాటలు సేకరించేవారైతే ఊళ్లవారీగా పెట్టుకోవచ్చు.

శీర్షికలో సరుకుండాలి. నా “ఈ వారం మార్కెట్ విశేషాలు” ఎవరికీ పనికిరాలేదని ముందే ఒప్పుకున్నాను. ఇప్పుడు “14: తేజ నిలకడ, చపాటా తగ్గుముఖం” అని మిర్చి రకాల పేర్లతో పెడుతున్నాను. అది మెయిల్ శీర్షికగానూ బాగుంది.

ధరలు రాసేవారికి మరో మాట. జెండా పాట ధర ఆ రోజు మేలైన సరుకుకు పలికిన ధర, యార్డుకు వచ్చిన ప్రతి బస్తాకూ వచ్చేది కాదు. మెయిల్‌లో చదివేవాడికి ఆ సంగతి తెలుసు. ఐదేళ్ల తర్వాత ఆర్కైవ్‌లో చూసే విద్యార్థికి తెలియదు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయండి, క్వింటాలుకు అని స్పష్టంగా చెప్పండి.

తప్పు దొర్లితే? వెళ్లిపోయిన మెయిల్‌ను ఏమీ చేయలేం, పేజీని దిద్దవచ్చు. అంకెను చడీచప్పుడు లేకుండా మార్చకండి. పాత అంకె ఏమిటి, ఏ తేదీన సవరించారు అన్నది అడుగున రాయండి. ఆటమ్‌లో ప్రచురించిన తేదీ, సవరించిన తేదీ వేర్వేరుగా చెప్పే వీలుంది. ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో సంచికకు ప్రచురణ తేదీ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఈ అడుగు గమనికే ఆధారం.

కొన్నింటిని ఆర్కైవ్‌లోకి తీసుకోకపోవడమే మంచిది. తెలిసిన కొద్దిమందికి పంపే ఉత్తరంలో ఒక రైతు తన అప్పు సంగతి చెప్పుకోవచ్చు. అదే పేజీగా మారితే ఆయన కూతురి పెళ్లి మాటలప్పుడు ఎవరో గూగుల్లో చూస్తారు. పేరు తీసేయండి, లేదా ఆయన్ని అడగండి, లేదా ఆ సంచికను వదిలేయండి.

ఆరో పని: మెయిల్ పంపడం

పేజీ తెరిచి చూశారు, ఫీడ్‌లో సంచిక పడింది, ఇప్పుడు మెయిల్. పేజీ లింకును మెయిల్ పైభాగంలోనే పెట్టండి. చాలామంది అడుగున పెడతారు. జీమెయిల్ దాదాపు 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. తెలుగు అక్షరాలు బైట్లు ఎక్కువ తింటాయని పైన చూశాం కదా, మనం ఇంగ్లిషువారికంటే ముందే ఆ గీత తాకుతాం. అడుగున ఉన్నవన్నీ కనబడకుండా పోతాయి, చందా రద్దు లింకుతో సహా. రద్దు చేసుకునే దారి కనబడనివారు మెయిల్‌ను స్పామ్ అని గుర్తుపెడతారు, ఆ దెబ్బ మిగతా అందరికీ తగులుతుంది.

మెయిల్ శీర్షభాగంలో (హెడర్‌లో, చదివేవారికి మామూలుగా కనబడని చోట) లిస్ట్-ఆర్కైవ్ అనే వరస ఒకటి పెట్టుకోవచ్చు. పాత సంచికలు ఎక్కడున్నాయో అది చెబుతుంది. 1998 నుంచే ఉన్న ప్రమాణం. మీ సేవ ఆ వీలు కల్పిస్తే పెట్టుకోండి, లేకపోతే బెంగపడనక్కర్లేదు.

ఫీడ్‌ను చూసి మెయిల్ దానంతటదే వెళ్లే ఏర్పాటు మెయిల్‌చింప్ వంటి చోట్ల ఉంది. సుఖంగానే ఉంటుంది. అయితే ప్రచురించిన వెంటనే కాకుండా రోజులో ఒక స్థిరమైన వేళకు వెళ్లేలా పెట్టండి. వరంగల్ చపాటా ధర ఎదురుగా నాలుగు ప్రశ్నార్థకాలున్న సంచిక ఒకటి నా దగ్గర నుంచి చందాదారులందరికీ వెళ్లింది, ఆ వేళ నేను టీ తాగడానికి లేచాను.

ఏడో పని: ఇంకోచోట ఒక ప్రతి

1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు పత్రిక’ నడిపారు. ఇవాళ దాని సంచిక ఒక్కటి చూడాలన్నా ఎవరో దాచిన కాగితమే ఆధారం. మనకు దాచడం అంత కష్టం కాదు. సంచిక వేసిన రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేజీ చిరునామా ఇచ్చి భద్రపరచమని నొక్కండి, అర నిమిషం పని. ఏడాదికోసారి అన్ని సంచికలనూ మామూలు పాఠం ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. చందాదారుల జాబితాను వీటితో కలపకుండా విడిగా దాచండి. ఓపికుంటే అచ్చు తీయించి, కుట్టించి, ఊళ్లోని గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి. హనుమకొండలో 1904 నుంచి శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది.

పాత సంచికలను ఎక్కించేటప్పుడు

ఇప్పటికే యాభయ్యో వందో పంపేసి ఉంటే అన్నీ ఒక్కరోజులో ఎక్కించాలని కూర్చోకండి. వారానికి ఐదు చాలు, తాజావాటి నుంచి వెనక్కి వెళ్లండి. ఒక్కోదానికీ అది నిజంగా పంపిన తేదీనే ఇవ్వండి, ఇవాళ్టి తేదీ పడనివ్వకండి. మొదలుపెట్టే ముందు ఫీడ్ నుంచి మెయిల్ వెళ్లే ఏర్పాటును ఆపేయండి. లేకపోతే మూడేళ్ల కిందటి ధరలు ఇవాళ్టివనుకుని ఎవరో మిర్చి బస్తాలు ట్రాలీకి ఎత్తిస్తారు.

నేను నిరుటి మిర్చి సీజన్ ఎక్కించడం పూర్తిచేసి నర్సంపేట పెద్దాయనకు లింకు పంపాను. సాయంత్రానికి ఫోను చేశారు. “బాగుంది తమ్ముడూ, అన్నీ దొరుకుతున్నాయి. అయితే సంక్రాంతి తర్వాతి వారం నువ్వు రాసిన ఆ ధర తేజది కాదు, వండర్ హాట్ రకానిది. ఆ రోజు నేను యార్డులోనే ఉన్నాను” అన్నారు. తక్‌పట్టీ తీసి చదివి వినిపించారు. ఆ పేజీ అడుగున ఇప్పుడు ఒక సవరణ ఉంది, తేదీతో సహా.